కంచెలో పుట్టినదాన్ని

జహీరాబాద్ దిక్కు నన్ను కావాలని నాటిన రైతు లేడు. చేనుకూ చేనుకూ నడుమ రేగుకంప ఎక్కడ వదిలేస్తే అక్కడ నేనుంటాను. ఎర్రటి మొరం నేల, ముళ్ళ నీడ, ఆరేడు నెలలు చుక్క నీరు లేకపోయినా నోరు తెరిచి అడగని ఓపిక, ఇదే నా ఆస్తి. ఊళ్ళో నన్ను అడవి నాభి అంటారు. పుస్తకాలవాళ్ళు అగ్నిశిఖ అంటారు, మూలికలవాళ్ళు పొత్తిదుంప అంటారు. 1753లో లిన్నేయస్ గ్లోరియోసా సూపర్బా అని రాసిపెట్టాడు. పేరు చూస్తే మహారాణిది, చిరునామా అడిగితే రేగుకంప.

మహారాణి అంటే గుర్తొచ్చింది. నా పువ్వు ఆకారంలో వజ్రాలు పొదిగిన బ్రోచ్ ఒకటి ఇంగ్లండ్ రాజకుటుంబం నగల పెట్టెలో ఉంది. దక్షిణ రొడీషియా బడిపిల్లలు చందాలు వేసుకుని 1947లో ఎలిజబెత్ యువరాణికి ఇరవై ఒకటో పుట్టినరోజు కానుకగా ఇచ్చారు. ఆ దేశం ఇప్పుడు జింబాబ్వే, అక్కడ నేను జాతీయ పుష్పాన్ని. తమిళనాడులో రాష్ట్ర పుష్పాన్ని. తెలంగాణ మాత్రం తంగేడును ఎంచుకుంది. అందుకు నాకేం కోపం లేదు. తంగేడు నాకు పక్కింటిదే, పైగా బతుకమ్మలో కూర్చునే యోగం దానికుంది. నన్ను బతుకమ్మలో పేర్చాలని ఎవరూ చెయ్యి చాచరు. ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు పుట్టుక సంగతి. మా కాయ ఎండి మూడు పలకలుగా పగిలితే లోపల నారింజ ఎరుపు గింజలు బయటపడతాయి. చూడ్డానికి అందంగానే ఉంటాయి కానీ మొలవడానికి మహా బద్ధకం. మొలిచినా మొదటి ఏడు పైన ఆకో రెండాకులో, కింద శనగగింజంత గడ్డ. గడ్డిపోచ అనుకుని పీకి పారేసేవాళ్ళే ఎక్కువ. ఆ గండం దాటితే మూడో ఏటికో నాలుగో ఏటికో మొదటి మొగ్గ. ఈలోపు ఆ కంపను కాల్చకూడదు, గట్టును దున్నకూడదు, ఎవడూ కలుపుమందు కొట్టకూడదు. ఈ రోజుల్లో నాలుగేళ్ళు ఒక గట్టు జోలికి ఎవరూ రాకుండా ఉండటం చిన్న విషయం కాదు.

నా ఒడ్డూపొడుగూ కూడా చెప్పాలి. జహీరాబాద్ ఆలుగడ్డకూ అల్లానికీ పేరున్న నేల. ఆలుగడ్డకు ఒళ్ళంతా కళ్ళు, ముక్కలు కోసి నాటినా లేస్తుంది. అల్లం కొమ్ము విరిస్తే విరిచినచోట ఇంకో కన్ను దొరుకుతుంది. నాకు ఆ సౌకర్యం లేదు. రెండు కొమ్ములు పంగలా విడిపోయిన గడ్డను నేను, ఒక్కో కొమ్ముకు చివరన ఒక్కో కన్ను. తవ్వేటప్పుడు ఆ కొస విరిగిందా, ఆ కొమ్ము పనైపోయినట్టే. మిగతాదంతా పిండి కట్టి నిండుగా కనబడుతుంది, మట్టిలో పెట్టి ఎదురుచూస్తారు, ఏమీ రాదు. నన్ను పెంచబోయి విఫలమైన ఇళ్ళలో సగం కథలు ఈ కొస దగ్గరే ముగుస్తాయి.

ఇంకో వింత ఉంది. ప్రతి వానకాలం పాత గడ్డ తన పిండినంతా తీగకూ పువ్వుకూ ధారపోసి ముడుచుకుపోతుంది. దాని పక్కనే కొత్త గడ్డ ఊరుతుంది. అంటే ఈ ఆత్మకథ చెబుతున్న నేను ఈ ఏడాదే పుట్టినదాన్ని. పోయినేటి ముచ్చట్లు చెప్పే హక్కు నీకెక్కడిదని మీరు అడగవచ్చు. తాత పేరుమీదున్న పట్టా మనవడి చేతికి వచ్చినట్టు వచ్చాయనుకోండి, అంతకన్నా వివరం నా దగ్గర లేదు.

మృగశిర కార్తెలో తొలకరి పడి నేల ఒకసారి పూర్తిగా తడిస్తే నాకు మెలకువ వస్తుంది. ఆ తర్వాత నా వేగం చూడాలి. తీగ పైకి లేచీ లేవగానే ఆకుల కొసలు మెలితిరగడం మొదలుపెడతాయి. నాకు వేరే నులితీగలు లేవు, ఆకు కొసే నా చెయ్యి. రేగుముల్లు దొరికితే ముల్లు, కొర్రకంకి దొరికితే కంకి, ఏది అందితే దాన్ని చుట్టేసి మనిషెత్తు ఎక్కుతాను.

పువ్వు శ్రావణంలోనో భాద్రపదంలోనో వస్తుంది. మొగ్గ ఆకుపచ్చగా తలవంచి వేలాడుతుంది. విచ్చుకున్నాక ఆరు రేకులూ కిందికి దిగవు, వెనక్కి తిరిగి ఆకాశంవైపు లేస్తాయి, అంచులు అలలు అలలుగా. మొదటి రోజు పసుపులో ఆకుపచ్చ ఛాయ. తర్వాత కింద పసుపు, పైన ఎరుపు. చివరికి పువ్వంతా కుంకుమ. ఒకే తీగ మీద ఒకే పూట ఈ మూడు రంగులూ కనిపిస్తాయి కాబట్టి కొత్తవాళ్ళు మూడు రకాల తీగలు పెనవేసుకున్నాయనుకుంటారు. కేసరాలు చుట్టూ చాచుకుని ఉంటాయి. కీలం మాత్రం మొదట్లోనే లంబకోణంలో ఒక పక్కకు ఒంగిపోతుంది. అది వంకరతనం కాదు. నా పుప్పొడి నా మీదే పడకుండా చూసుకునే ఏర్పాటు. సీతాకోకచిలుకో తేనెపిట్టో వచ్చి పక్క కంచెలోని పుప్పొడి తెచ్చి అంటించాలి. మహారాష్ట్రలో గౌరీ పూజకు నా పువ్వును తీసుకెళతారు. బీదర్ దాటితే ఎంతో దూరం లేదు ఆ దేశం, కానీ ఆ మర్యాద ఇటువైపు రాలేదు.

ఇక ఎందుకు చెయ్యి చాచరో చెబుతాను. నేను విషం. వేరు, ఆకు, పువ్వు, గింజ, గడ్డ, అంతా విషమే. ఆ విషం పేరు కాల్చిసిన్. 1820లో పెల్లెటియే, కావెంటూ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు దీన్ని నా దూరపు బంధువు కాల్చికమ్ నుంచి తీశారు. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోముల్ని అటూ ఇటూ లాగే సన్నని దారాలుంటాయి, కాల్చిసిన్ ఆ దారాలు కట్టుకోకుండా అడ్డుపడుతుంది. అందుకే తిన్నవాడికి ముందు పేగు, తర్వాత ఎముకల మూలుగ, అంటే కణాలు ఎక్కడ గబగబా పుడుతుంటాయో అక్కడ దెబ్బ తగులుతుంది. బతికి బట్టకట్టినవాళ్ళకు కూడా వారం పది రోజుల తర్వాత జుట్టు ఊడిపోవచ్చు.

అదే గుణాన్ని కొలతపెట్టి వాడితే మందు. గౌట్ వచ్చి కాలి బొటనవేలు వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేనివాడికి డాక్టరు రాసే చిన్న మాత్రలో ఉండేది ఇదే. 1937లో బ్లేక్స్‌లీ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, దీన్ని మొక్కలకు పెడితే క్రోమోజోములు రెట్టింపవుతాయని చూపించాడు. ఆ దారిన పోయి జపాన్‌లో గింజల్లేని పుచ్చకాయ చేశారు. హైదరాబాద్‌లో గింజ తగలకుండా పుచ్చకాయ తింటున్నవాళ్ళు మా వంశానికి ఒక దండం బాకీ.

అందుకే తమిళనాడులో ధారాపురం, మూలనూరు, వేదారణ్యం వైపు నన్ను ఎకరాలకొద్దీ సాగుచేస్తారు. తీగలకు పందిరి వేసి, పొద్దున్నే కూలీలు పువ్వు పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దుతారు. గింజలు కిలో వేల రూపాయల్లో పలుకుతాయి. ఒకచోట పంటను, ఇంకోచోట కలుపును. నా దృష్టిలో ఇందులో అన్యాయం ఒక్కటే ఉంది. పొలంలో పెంచేవాళ్ళకు మొదట నాటడానికి కావలసిన గడ్డలు ఎక్కడినుంచో రావాలి కదా. అవి గుట్టల మీద, కంచెల్లో తవ్వితే వచ్చినవే. ఎరువుల సంచి పట్టుకుని వచ్చి కొసలు విరుగుతాయన్న లెక్క లేకుండా గడ్డపారతో పెకిలించుకుపోయేవాళ్ళను మావాళ్ళు చాలా చోట్ల చూశారు.

మా దిక్కు ఒక విషయంలో అదృష్టం కలిసొచ్చింది. పస్తాపూర్‌లో 1983లో పుట్టిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వల్ల ఇక్కడి దళిత మహిళల సంఘాలు పాత పంటల్ని వదల్లేదు. ఒకే చేనులో జొన్న, కంది, కొర్ర, సామ, అనుము, పెసర, పుంటికూర, అన్నీ కలిపి వేసే పద్ధతి ఇంకా కనిపిస్తుంది. సంక్రాంతి రోజుల్లో పాతపంటల జాతర బయల్దేరుతుంది. ఎడ్లబండ్లను అలంకరించి విత్తనాల కుండలు పెట్టుకుని ఊరూరా తిప్పుతారు. 2008 అక్టోబర్‌లో మాచునూరులో సంఘం రేడియో మొదలైంది, ఆడవాళ్ళే మాట్లాడతారు, ఆడవాళ్ళే నడుపుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ కూడా వచ్చింది. నన్ను ఆ బండి ఎక్కించలేదు, ఎక్కిస్తారని నేనూ అనుకోలేదు. నాటకుండా మొలిచే తుమ్మికూరకు, దొగ్గలికూరకు, గునుగుకూరకు కూడా ఇక్కడ గౌరవం ఉంది, ఎందుకంటే అవి కడుపు నింపుతాయి. నా వల్ల కడుపు ఖాళీ అవడమే ఉంది. అయినా చేనును అంచుదాకా గీకెయ్యని సేద్యం ఉన్నచోట కంచె ఉంటుంది, కంచె ఉన్నచోట నేనుంటాను. మా లెక్క అంత సూటిగా ఉంటుంది.

ఆ కంచెలే ఇప్పుడు తగ్గుతున్నాయి. ఝరాసంగం, న్యాల్కల్ మండలాల్లో నిమ్జ్ అనే పారిశ్రామిక మండలి కోసం 12 వేల ఎకరాలకు పైగా గుర్తించారు. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పారిశ్రామిక స్మార్ట్ సిటీల జాబితాలో జహీరాబాద్ పేరుంది. ఫ్యాక్టరీ వస్తే పిల్లలకు నౌకరీ దొరుకుతుందన్న ఆశను గడ్డగా ఉన్న నేను తప్పుపట్టను. సర్వే పటంలో కంచె అంటే ఒక గీత, ఆ గీతకు మందం ఉండదు, అదే నా బాధ. నేనున్న గట్టు ఏ ఫ్యాక్టరీకీ పోలేదు, ఊరికే చదును చేశారు. జేసీబీ వచ్చింది. అప్పుడే ఊళ్ళోని ఒక అవ్వ వచ్చింది.

"ఓ తమ్మీ, జర ఆపు. ఆ కంప కింద గడ్డ ఉన్నది, తీస్కపోత."

"ఏం గడ్డ అవ్వా? తింటరా?"

"తింటే సస్తవ్ బిడ్డా. పువ్వు మంచిగుంటది."

నా గురించి ఇంతకన్నా క్లుప్తంగా, ఇంతకన్నా నిజంగా ఎవరూ చెప్పలేదు.

అవ్వ పలుగుతో పొడవలేదు. చుట్టూ దూరంగా మట్టి వదులు చేసి, చేత్తో పక్కకు తోసి, రెండు కొమ్ములూ కొసలతో సహా ఎత్తింది. అప్పటికి తీగ ఎండిపోయి ఉంది కాబట్టి నాకేమీ కాలేదు. పాత మట్టికుండలో పొడి ఇసుక పోసి అందులో పడుకోబెట్టి, విత్తనాల బుట్టల పక్కన, పిల్లలకు అందని అటక మీద పెట్టింది. నీళ్ళు చల్లలేదు, మధ్యలో తీసి చూడలేదు. ఆరుద్రకు ముందు పెరటి గోడ పక్కన ఎర్రమట్టిలో ఇసుకా కొంచెం పాత పెంటా కలిపి, రెండు మూడు అంగుళాల లోతులో అడ్డంగా పెట్టి మట్టి కప్పింది. పక్కన ఎండిన రేగుకొమ్మ గుచ్చింది. చంటిపిల్లలూ మేకపిల్లా అటు రాకుండా తడిక కట్టింది.

ఆ పెరట్లోనే తులిప్ నాకు పరిచయమైంది. హైదరాబాద్‌లో నౌకరీ చేసే మనవరాలు దసరాకు వచ్చినప్పుడు కాగితపు సంచిలో చిన్న చిన్న గడ్డలు తెచ్చి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టింది. అవ్వ రెండోరోజే పట్టేసింది.

"ఏందే బిడ్డా గీ ఉల్లిగడ్డలు, గింత చిన్నగున్నయ్? పప్పుల ఏద్దునా?"

"అయ్యో అవ్వా, ముట్టకు! అవి పూలగడ్డలు."

అవ్వ మరీ అంత తప్పేమీ అనలేదు. 1944-45 చలికాలంలో జర్మన్లు తిండి అందకుండా చేసినప్పుడు నెదర్లాండ్స్ జనం తులిప్ గడ్డలు ఉడికించుకుని తిన్నారు. నాకు ఆ కీర్తి లేదు.

అది అంగడి తులిప్ కాదు, అడవి తులిప్. క్లూసియానా అంటారు. తెల్లని సన్నని రేకులు, బయటివైపు ఎర్రటి చార. ఇరాన్ నుంచి అఫ్గానిస్థాన్ మీదుగా పడమటి హిమాలయం దాకా రాళ్ళగుట్టలే దాని పుట్టిల్లు. కాబూల్ చుట్టుపక్కల కొండల మీద ముప్పైకి పైగా రకాల తులిప్‌లు లెక్కపెట్టించానని బాబర్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 1593లో లైడెన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిన క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడి పేరే దానికి పెట్టారు. ఆయన తోటలో పెరిగిన గడ్డల తర్వాతే డచ్చివాళ్ళకు తులిప్ పిచ్చి పట్టి, 1637 ఫిబ్రవరిలో బేరాలన్నీ కుప్పకూలేదాకా పోయింది. పాత పుస్తకాల్లో దానిదీ నాదీ ఒకటే లిల్లీ కుటుంబం. ఇప్పటి శాస్త్రజ్ఞులు వేరు కాపురం పెట్టించారు. గుణాలు మాత్రం కలుస్తాయి. దానికీ ప్రతి ఏడూ పాత గడ్డ కరిగిపోయి కొత్త గడ్డే మిగులుతుంది. నిద్రలో ఉన్నప్పుడు తడి తగిలితే దానికీ కుళ్ళే.

ఫ్రిజ్ సంగతి ఏమిటంటే, తులిప్ గడ్డలోని మొగ్గ లేవాలంటే దానికి ఒక చలికాలం గడవాలి. తొమ్మిది డిగ్రీలకు లోపు, మూడు నెలలు. మా కోహిర్ చలికి పేరుంది, తెలంగాణలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఎక్కడంటే తరచూ ఆ పేరే వినిపిస్తుంది. కానీ ఆ చలి తెల్లవారుజాముది. పదింటికల్లా ఎండ కాస్తుంది. అందుకే ఫ్రిజ్. అందులోనూ ఒక పేచీ ఉంది, పండుతున్న పళ్ళనుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలి మొగ్గను మాడ్చేస్తుంది. కోహిర్ జామపళ్ళు ఫ్రిజ్‌లో పెట్టొద్దని మనవరాలు ఇంటికి చట్టం చేసింది. జామపండ్ల కాలంలో జహీరాబాద్ ఇంట్లో ఇలాంటి చట్టం ఎంత కష్టమో మీకే తెలుసు. అయినా అవ్వ పాటించింది.

జనవరిలో నాటారు, కొన్ని వారాలకు పూసింది. కాడ పొట్టిగా ఉన్నా పువ్వు మాత్రం నిజంగా బాగుంది, అసూయ లేకుండా చెబుతున్నాను. ఎండకు నక్షత్రంలా విచ్చుకునేది, సాయంత్రం ముడుచుకునేది. వీధిలోవాళ్ళంతా వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఆ తర్వాతే అసలు చిక్కు. పువ్వు పోయాక ఆకులు నెలన్నర రెండు నెలలు చల్లటి ఎండలో బతికి కొత్త గడ్డను ఊరించాలి. శివరాత్రి దాటితే మా ఎండ ఎక్కడ ఆగుతుంది? ఆకులు మాడిపోయాయి. మట్టి తీసి చూస్తే గోరంత పిల్లగడ్డలు. మరుసటి ఏడు మళ్ళీ ఫ్రిజ్‌లో పెడితే ఒక్క ఆకు లేచింది, అంతే. శ్రీనగర్‌లోని ఇందిరాగాంధీ తులిప్ తోటలో లక్షల గడ్డలు పూస్తాయంటే అక్కడ జబర్వాన్ కొండల చలి ఉంది. కశ్మీరులో పాతకాలపు మట్టి పైకప్పుల మీద అడవి తులిప్‌లు వాటంతటవే పూసేవట. అది వాటి కంచె. దాన్ని ఇక్కడికి తెచ్చి ఇబ్బంది పెట్టడం ఎందుకనేది నా అభిప్రాయం. కొత్త పువ్వు మీద ఆశపడ్డ పిల్లను తిట్టడం కూడా నాకు ఇష్టం లేదు. ఇంటి పెరట్లో అడవిజాతి గడ్డ ఒకటి పూయాలన్న ఆ కోరిక మంచిదే. ఆ కోరికకు సరిపడ్డ గడ్డలు ఈ మొరం నేలలోనే ఉన్నాయి. నేనున్నాను. నక్కఉల్లి ఉంది, నడి ఎండాకాలంలో ఆకన్నదే లేకుండా కాడ లేపి చీకటిపడ్డాక పూస్తుంది. ఫ్రిజ్ అక్కర్లేదు, పార్సిల్ ఖర్చు లేదు.

నన్ను పెంచాలనుకుంటే నాలుగు మాటలు వినండి. నర్సరీలోనో సాగుచేసే రైతు దగ్గరో గడ్డ కొనండి, లేదా కాయ ఎండినప్పుడు గింజలు ఏరుకుని నాలుగేళ్ళు ఓపిక పట్టండి. గుట్టమీద గడ్డ తవ్వకండి. కొసలు చూసి తీసుకోండి. తొలకరికి నాటండి, నీరు నిలవనివ్వకండి, ఎక్కడానికి ఒక ముళ్ళకొమ్మ ఇవ్వండి. దీపావళి దాటి తీగ పసుపురంగుకు తిరిగితే చచ్చిందనుకుని నీళ్ళు పొయ్యకండి. ఆ నీళ్ళే నన్ను చంపుతాయి. మళ్ళీ మృగశిర దాకా నన్ను మరిచిపోవడమే నాకు చేసే సేవ.

ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. గడ్డను వంటింట్లో, కందగడ్డల బుట్టలో ఎప్పుడూ పెట్టకండి. పొరపాటున ఎవరైనా తింటే వాంతులు మొదలయ్యేదాకా చూడొద్దు, పసరు మందులు పట్టొద్దు, మిగిలిన గడ్డ ముక్కను కూడా చేతపట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. నా విషానికి విరుగుడు మందు ఆసుపత్రుల్లో దొరకదు. డాక్టర్లు చేయగలిగేదల్లా ఒంటిని నిలబెట్టే వైద్యమే, అది ఎంత తొందరగా మొదలైతే అంత మేలు.